ఇంటిల్లిపాదీ అడవికి: రాత్రి బసకు చోటు ఎంచుకోవడం



కడప జిల్లా దువ్వూరు మండలంలో ఏ పొలం గట్టు మీద నిలబడి తూర్పుకు చూసినా నల్లమల కొండలు వరసగా కనిపిస్తాయి. పసుపు తవ్వేటప్పుడూ, వరి కోసేటప్పుడూ కళ్ళెదుట ఉండేవి ఆ కొండలే. దసరా సెలవులో కార్తీక మాసమో సంక్రాంతో వచ్చిందంటే మా వైపూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపూ చాలా ఇళ్ళల్లో ఒకే మాట మొదలవుతుంది. ఈసారి పిల్లోళ్ళను తీసుకొని అడవికి పోదాం, ఒక రాత్రి ఉండి వద్దాం అని.

మన పెద్దవాళ్ళు కూడా అడవికి పోయేవాళ్ళే. ట్రాక్టరులో గిన్నెలు, బియ్యం, కట్టెలు వేసుకొని పోయి, ఉసిరిచెట్టు కింద వండుకొని తిని, పొద్దు గూకేలోపల ఇల్లు చేరేవాళ్ళు. అది వనభోజనం. ఇప్పటి కోరిక వేరు. టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని పోవాలి, టెంటు వేసుకోవాలి, వీలైతే కారవాన్ బాడుగకు తీసుకోవాలి, చీకటి పడ్డాక కూడా అక్కడే ఉండాలి. ఈ కోరికలో తప్పేమీ లేదు. ఫోనుకు అతుక్కుపోయిన పిల్లలకు చుక్కల ఆకాశం చూపించడం, గుడ్లగూబ కూత వినిపించడం, సెలయేటి నీళ్ళలో కాళ్ళు పెట్టించడం ఏ తల్లిదండ్రులైనా చేయదగిన పనే.

కాకపోతే పగటి వనభోజనానికి చోటు చూసుకునే లెక్క వేరు, రాత్రి బసకు చూసుకునే లెక్క వేరు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పగలు చూసి ముచ్చటపడిన చోటును కాదు, రాత్రి నిశ్చింతగా పడుకోదగ్గ చోటును ఎంచుకోవాలి. ఆ నిశ్చింతను కూడా ఇంట్లో అందరికన్నా దిట్టమైనవాడి ఓపికతో కాకుండా చంటిబిడ్డ ఓపికతో, మోకాళ్ళ నొప్పులున్న జేజి ఓపికతో కొలవాలి. వాళ్ళిద్దరికీ సరిపడిన చోటు ఇంట్లో అందరికీ సరిపోతుంది.

మొట్టమొదట అనుమతి సంగతి చూద్దాం. మన చుట్టూ ఉన్న అడవి ఉత్త ఖాళీ జాగా కాదు. ఉత్తరాన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అతి పెద్దది అదే. నంద్యాల–గిద్దలూరు దారికి అటూ ఇటూ గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. బద్వేలు, సిద్ధవటం వైపు లంకమల అభయారణ్యం. దక్షిణాన పాలకొండలు, శేషాచలం, శ్రీ వెంకటేశ్వర జాతీయ వనం. మిగిలినదాంట్లో చాలా మటుకు రిజర్వు అడవి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా చొరబడడం, నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాల్లోకి పోవాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. దీనికితోడు మన కొండల్లో ఎర్రచందనం ఉంది. చీకట్లో అడవిలో ఆగి ఉన్న బండి కనబడితే అటవీ సిబ్బంది మొదట అనుమానించేది దొంగ రవాణానే. లోపల ఉన్నది కుటుంబమని వాళ్ళకు తెలిసేలోపల పిల్లలు బెదిరిపోతారు.

అందుకని ఎవరో స్నేహితుడు ఫోటో పంపిన వంక పక్కనో, పేరు తెలియని గుండం దగ్గరో టెంటు వేద్దామనే ఆలోచనను మొదట్లోనే వదిలేయండి. అటవీ శాఖో పర్యాటక శాఖో గుడివాళ్ళో రాత్రి ఉండడానికి ఒప్పుకున్న చోట్లే మన జాబితాలో ఉండాలి. అలాంటి చోట్లు మనకు అందుబాటులోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

దువ్వూరు నుంచి చాగలమర్రి, ఆళ్ళగడ్డ మీదుగా పోతే దగ్గరలోనే అహోబిలం. దిగువ అహోబిలంలో సత్రాలున్నాయి, పర్యాటక శాఖవాళ్ళ హరిత అతిథి గృహం ఉంది, తిండికి హోటళ్ళున్నాయి. చుట్టూ నల్లమల అడవి. పసిబిడ్డతో, పెద్దవాళ్ళతో మొదటిసారి అడవి దగ్గర రాత్రి ఉండాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా నెమ్మదైన చోటు మన దాపుల్లో లేదనే నా అభిప్రాయం. పగలు ఎగువ అహోబిలం దాకా బండిలోనే పోవచ్చు. అక్కడినుంచి భవనాశి వెంబడి జ్వాలా నరసింహుడి దాకా నడవగలిగినవాళ్ళు నడుస్తారు, నడవలేనివాళ్ళు ఎగువ గుడి దగ్గరే ఉండిపోతారు. సాయంత్రానికి అందరూ దిగువకు చేరతారు. అడవిని పగలంతా చూసి రాత్రి గోడల మధ్య పడుకోవడం పిరికితనం కాదు. పసిపిల్లలున్న ఇంటికి అదే సరైన పద్ధతి.

ఇంకొంచెం లోపలికి పోవాలనుకునేవాళ్ళకు నంద్యాల–గిద్దలూరు కనుమ దారిలో పచ్చర్ల దగ్గరా, ఆత్మకూరు–దోర్నాల దారిలో బైర్లూటి దగ్గరా అటవీ శాఖ నడిపే జంగిల్ క్యాంపులున్నాయి. బైర్లూటిలో ఉండడానికి గదులూ టెంట్లూ ఉన్నాయి, అడవి చూపించడానికి జీపు ఉంది. నల్లమలను ఇల్లుగా చేసుకొని బతికిన చెంచు కుటుంబాల యువకులు అక్కడ పనిచేస్తున్నారు. ఏ అడుగుజాడ ఏ జంతువుదో, ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో వాళ్ళు చెబుతుంటే వినడం పిల్లలకు ఏ బడిలోనూ దొరకని చదువు. అడవి దగ్గర బస కొంత అలవాటై, స్కూలు వయసు పిల్లలున్న ఇంటికి నేను మొదట చెప్పేది ఈ రెండు చోట్ల పేర్లే. ముందుగా బుక్ చేసుకోకుండా మాత్రం పోకూడదు. పులుల అభయారణ్యం గుండా పోయే దారుల్లో రాత్రి 9 దాటితే చెక్‌పోస్టుల దగ్గర గేట్లు వేసేస్తారు, మళ్ళీ తెల్లవారాకే తీస్తారు. ప్రొద్దుటూరులో ఆలస్యంగా బయలుదేరి, దారిలో భోజనానికి ఆగి, గేటు పడ్డాక చేరితే పిల్లలతో రోడ్డు మీద తెల్లవార్చాల్సి వస్తుంది. ఏ క్యాంపుకైనా పొద్దు ఉండగానే చేరేటట్టు లెక్క వేసుకోండి.

కొండ చల్లదనం కావాలంటే మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ అని స్థానికుల పేరు. ఒకప్పుడు అదీ కడప జిల్లాలోనిదే. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర 1870 ప్రాంతంలో అక్కడ వేసవి బంగళా కట్టించుకున్నాడు. సముద్ర మట్టానికి 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు. మన ఊళ్ళు వేసవిలో 40 డిగ్రీలు దాటి కాగుతున్నప్పుడు కూడా అక్కడ సాయంత్రానికి గాలి చల్లబడుతుంది. గదుల వసతి ఉంది, తారు రోడ్డు కొండపైదాకా ఉంది. ఎక్కువ నడవలేని పెద్దవాళ్ళను తీసుకుపోవడానికి ఇది నయం.

తలకోన సంగతి వేరు. జలపాతం అందమైనదే. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి. నెరబైలు వైపు వనసంరక్షణ సమితివాళ్ళ సాయంతో బస ఏర్పాట్లూ ఉన్నాయి. కానీ అక్కడ మెట్లున్నాయి, పాచిపట్టిన బండలున్నాయి, లోతు తెలియని గుండాలున్నాయి. కాలువలో ఈదడం వచ్చినంత మాత్రాన కోనలో గుండంలోకి దూకకూడదు. నీటి కింద బండ ఎక్కడుందో పైనుంచి కనిపించదు. కుదురుగా ఉండని కుర్రాళ్ళను పట్టుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే తప్ప తలకోనను ఎంచుకోకండి.

ఇక మన జమ్మలమడుగు పక్కనే ఉన్న గండికోట. పెన్న చీల్చుకుపోయిన లోయ అంచున రాత్రి టెంట్లలో ఉండడానికి చాలా దూరం నుంచి జనం వస్తున్నారు. అది అడవి కాదు గానీ, ఆరుబయట నిద్ర అలవాటు చేసుకోవడానికి దగ్గరైన చోటు. చిన్నపిల్లలున్న కుటుంబం అక్కడ ఒకటే చూడాలి. టెంటు లోయ అంచుకు ఎంత దూరంలో ఉంది? నడక నేర్చిన బిడ్డ రాత్రి లేచి తలుపు జిప్పు తీసుకొని బయటకు వచ్చినా ప్రమాదం లేనంత దూరం ఉండాలి. అంచున సూర్యోదయం బాగుంటుందని ఎంత చెప్పినా సరే, ఊరి వైపున ఉన్న బసనే అడగండి.

కారవాన్ గురించి అడుగుతున్నవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సినిమా షూటింగుల దగ్గర నటులు కూర్చునే బండిగా మనకు తెలిసిన వాహనం ఇప్పుడు కుటుంబాలకూ బాడుగకు దొరుకుతోంది. కేరళ ప్రభుత్వం 2021లోనే కారవాన్ పర్యాటకానికి ఒక విధానం తెచ్చింది. అమ్మానాన్నలు వేసవికి అమెరికా పోయినప్పుడు అక్కడున్న మన పిల్లలు ఇలాంటి బండిలోనే వాళ్ళను జాతీయ వనాలు తిప్పుతుంటారు. అక్కడ బండి నిలిపే చోట కరెంటు, మంచినీళ్ళ గొట్టం, మురుగు వదిలే గొట్టం మూడూ ఉన్నాయా అని ముందే చూసుకొని బుక్ చేస్తారు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ లాంటి పెద్ద జాతీయ వనంలో కూడా లోపలి క్యాంపుల్లో కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వరు. ఆ సౌకర్యాలు కావాలంటే వనం సరిహద్దు బయట ఊళ్ళలో దిగాల్సిందే. మనమూ ఆ పద్ధతే పాటించాలి. బస్సంత ఎత్తున్న బండిని నల్లమల మట్టిదారిలోకి తోలడం వద్దు. కొమ్మలు తగులుతాయి, మలుపు తిరగదు, వాన పడితే బురదలో చక్రం దిగబడుతుంది. దిగువ అహోబిలంలోనో గండికోటలోనో ఒప్పుకున్న ఆవరణలో బండి నిలిపి, అడవిలోకి అక్కడి జీపులో పగలు పోయి రావడమే మేలు. మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో బండి యజమానిని ముందే అడగండి. వంకలోకి వదిలేస్తామంటే ఆ బండి తీసుకోకండి. ఆ వంక నీళ్ళే కింద ఊళ్ళో పశువులు తాగుతాయి.

కారవాన్ ఎక్కేవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం జనరేటరు నడుపుతూ నిద్రపోయారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. ఆ వాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళను లేపదు. కాబట్టి జనరేటరు నడుస్తున్న బండిలో నిద్రపోకూడదు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి టెంటులో పెట్టుకోకూడదు. గ్యాసు స్టవ్వు మీద వంట బయటే చేయాలి. రాత్రి ఏసీ కావాలంటే కరెంటు కనెక్షన్ ఇచ్చే చోటునే ఎంచుకోవాలి. ఆ కనెక్షన్ లేని చోట కిటికీ తెరచి, దోమతెర కట్టుకొని పడుకోవాలి.

చోటు ఎంచుకోవడంలో రెండో పెద్ద సంగతి నీళ్ళు. నీళ్ళ పక్కన పడుకోవాలని అందరికీ ఉంటుంది. కుందూ ఒడ్డు ఊళ్ళవాళ్ళకు 2019 సెప్టెంబరు వరద గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట వైపు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నిద్రలో ఉన్న ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. ఆ విషాదాన్ని మన జిల్లా ఎప్పటికీ మరువలేదు. ప్రపంచంలో ఎక్కడైనా నీటి స్వభావం ఒకటే. 2025 జులై 4 తెల్లవారకముందే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్వాడలూప్ నది ఒక్కసారిగా పొంగి, ఒడ్డున ఉన్న పిల్లల వేసవి శిబిరాన్నీ, కుటుంబాలు కారవాన్లు నిలుపుకున్న పార్కులనూ ముంచేసింది. ఆ వరదల్లో వంద మందికి పైగా చనిపోయారు. ఎన్నో ఏళ్ళుగా సెలవులకు వచ్చే చోటే అది. ఈ మూడు సంఘటనల్లో నీళ్ళు చీకటి వేళే వచ్చాయని కాదు గానీ, చీకట్లో వచ్చినప్పుడే పరుగెత్తే వ్యవధి ఉండదు.

మన కోనల్లో ఇంకో చిక్కు ఉంది. మన నెత్తిన చినుకు పడకపోయినా, పైకొండల్లో వాన కురిస్తే వంక పొంగుతుంది. కడప జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. వనభోజనాల కార్తీకమూ అప్పుడే వస్తుంది. బస చూసేటప్పుడు వంక ఇసుకలో, రెండు పాయల మధ్య దిబ్బ మీద, చెరువు కట్ట కింద ఎప్పుడూ పడుకోకూడదు. పొదల్లో, చెట్ల మొదళ్ళలో ఎంత ఎత్తున చెత్త, ఎండుగడ్డి చిక్కుకొని ఉందో చూడండి. కిందటి వరద అంత ఎత్తుకు వచ్చిందని దాని అర్థం. బస దానికన్నా బాగా ఎత్తులో ఉండాలి. తేటగా పారే నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రగా, బురదగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి పిల్లలను ఎత్తుకొని గట్టెక్కాలి.

మూడోది జంతువులు. అడవికి పోయేది వాటి ఇంటికే. భయం అక్కర్లేదు గానీ జాగ్రత్త తప్పకూడదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అప్పటినుంచి చిన్నపిల్లలతో ఆ దారిలో నడిచే వేళల మీద దేవస్థానం ఆంక్షలు పెట్టింది. 2024 జూన్‌లో పచ్చర్ల అడవిలో చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయింది. 2025 శివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దారిలో రాత్రిపూట నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగుల గుంపు పడి ప్రాణాలు తీసింది. ఈ మూడూ మన చుట్టుపక్కల జరిగినవే. వీటినుంచి మనం నేర్చుకోవాల్సింది రెండు మాటల్లో ఉంది. అడవి దారిలో చీకట్లో నడవకూడదు. చిన్నపిల్లలను ముందుగానీ వెనుకగానీ ఒంటరిగా వదలకూడదు, పెద్దవాళ్ళ మధ్యలో చెయ్యి పట్టుకొని నడిపించాలి.

తిండి వాసన జంతువులను పిలుస్తుంది. మిగిలిన చిత్రాన్నం, మాంసం బొక్కలు గుడారం పక్కన పారేస్తే మొదట కోతులు, అడవిపందులు, ఊరకుక్కలు వస్తాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది. ఇప్పపువ్వు రాలే కాలంలో, తునికిపండ్ల కాలంలో ఎలుగుబంట్లు ఆ చెట్ల కింద తిరుగుతుంటాయి. కాబట్టి బస చూసేటప్పుడు వంటశాల పడకగదులకు దూరంగా ఉందా, చెత్తబుట్టలకు గట్టి మూతలున్నాయా, చుట్టూ కందకమో కంచెనో ఉందా, రాత్రి కాపలా మనిషి ఉంటాడా అని అడగాలి. చెత్త బయట పారబోసి ఉన్న క్యాంపులో కుటుంబంతో దిగకండి. ఎంత ఖరీదైన గది అయినా సరే.

పెద్ద జంతువులకన్నా నిజంగా జాగ్రత్త పడాల్సింది పాముల విషయంలో. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కాటేస్తుంది. కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు. పొద్దునకల్లా కనురెప్పలు వాలిపోతాయి. అందుకని ఆరుబయట చాపేసుకొని పడుకోవడం వద్దు. మంచం కావాలి, లేదంటే అడుగు కుట్టి జిప్పు పూర్తిగా పడే టెంటు కావాలి. దోమతెర పరుపు కిందికి దోపుకోవాలి. చెప్పులు దులిపి వేసుకోవాలి. రాత్రి ఒంటికి లేస్తే టార్చిలైటు లేకుండా కాలు కింద పెట్టకూడదు. కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, నాటుమందు కోసం తిరగడం చేయకూడదు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూదిమందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. చోటు ఎంచుకునే ముందే మీరు తెలుసుకోవాల్సింది అదే. ఈ క్యాంపునుంచి అలాంటి ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపు పడుతుంది? మధ్యలో గేటు ఉంటే అత్యవసరానికి తీస్తారా? అక్కడ ఫోను సిగ్నల్ లేకపోతే వైర్‌లెస్ ఉందా? ఈ మూడింటికి సరైన జవాబు రాకపోతే ఆ చోటు కుటుంబానికి కాదు. పొదల్లో ఉండే నల్లుల్లాంటి సూక్ష్మ పురుగులు కుట్టితే స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. గడ్డిలో ఊరికే కూర్చోకుండా పట్ట పరచుకోవడం, ఇంటికి వచ్చాక జ్వరం వస్తే అడవికి పోయొచ్చామని డాక్టరుకు చెప్పడం మరిచిపోకండి.

ఇప్పుడు ఆడవాళ్ళ మాట. మన ఇళ్ళల్లో విహారయాత్ర నిర్ణయించేది మగవాళ్ళు, అక్కడ అవస్థ పడేది ఆడవాళ్ళు అవుతున్నారు. మరుగుదొడ్డి గదిని ఆనుకొని ఉందా, చీకట్లో నడిచిపోవాలా? లోపల గడియ పడుతుందా, లైటు వెలుగుతుందా, నీళ్ళు వస్తాయా? పడిశం పట్టిన బిడ్డకు వేడినీళ్ళు ఇస్తారా? అవ్వకు కూర్చొని లేచే రకం దొడ్డి ఉందా? నెలసరిలో ఉన్న ఆడపిల్ల తన అవసరాలు చూసుకోవడానికి వీలుందా? బుక్ చేసేటప్పుడు ఫోనులో ఇవన్నీ అడగడానికి సిగ్గుపడకండి. ఇంకా మంచిది, ఆ ఫోను ఇంటి ఆడవాళ్ళనే చేయనివ్వండి. వంట కూడా వాళ్ళ నెత్తినే పడకుండా చూడాలి. బొరుగులు, పప్పులపొడి, రొట్టెలు ఇంటినుంచి తీసుకుపోయి, ఒక పూట క్యాంపువాళ్ళ భోజనం తింటే వాళ్ళకూ ఆ రాత్రి విశ్రాంతి దొరుకుతుంది. అది వాళ్ళకు దక్కాల్సిన సెలవే.

అడవిలో మనం ఉన్నందువల్ల అడవికి నష్టం జరగకూడదు. దీనికి మన జిల్లాకున్నంత బలమైన కారణం మరో జిల్లాకు లేదు. కలివికోడి అనే పక్షి ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనబడక, లోకంలోనే లేదని పరిశోధకులు అనుకున్నారు. 1986లో అది మళ్ళీ కనబడింది మన సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లోనే. దాని జాడ పరిశోధకులకు చూపించడంలో తోడ్పడింది ఆ అడవిని ఎరిగిన స్థానికుడే. ఆ తరువాతే లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షి రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద బతుకుతుంది. పెద్ద లైట్లు, పాటల పెట్టెలు, మందు సీసాల గలాటా ఉన్న చోట అలాంటి ప్రాణి నిలవదు. రాత్రి డీజే పెడతామని ఆశచూపే క్యాంపుకు పిల్లలను తీసుకుపోకండి. మంచి క్యాంపువాళ్ళు రాత్రి పది తరువాత శబ్దం వద్దంటారు, ప్లాస్టిక్ సీసా మళ్ళీ ఇంటికే తీసుకుపొమ్మంటారు, నెగడు వేస్తే తామే వేసి తామే ఆర్పుతారు. ఆ కట్టుబాట్లు మీకు ఇబ్బంది కాదు, మీ పిల్లలకు రక్షణ. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల ఆకు రాల్చి ఎండిపోయి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు, కొండ కొండంతా తగలబడడానికి.

కాలం గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యంలో పర్యాటకులను రానివ్వరు. అక్టోబరు, నవంబరు పచ్చగా ఉంటుంది గానీ తుపాను వార్తలు చూసుకొని పోవాలి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే కట్టిన డబ్బు పోతే పోయిందనుకొని ఆగిపోండి. మార్చి తరువాత ఎండ, నిప్పు. నా లెక్కలో పిల్లలతో పోవడానికి అన్నిటికన్నా మంచి రోజులు డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. వానలు తగ్గి ఉంటాయి, వంకల్లో ఇంకా నీళ్ళుంటాయి, సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి. రాత్రి చలికి దుప్పట్లు మాత్రం మరిచిపోకూడదు.

శ్రోతలారా, ఇన్ని జాగ్రత్తలు చెప్పింది మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు. అడవి ముఖం చూడని పిల్లలు పెద్దయ్యాక అడవిని కాపాడతారని ఆశించలేం. వాళ్ళకు నల్లమల టీవీలో కనిపించే దృశ్యంగా మిగలకూడదు. దాని ఆకు వాసన, దాని చీకటి, దాని నిశ్శబ్దం వాళ్ళకు తెలియాలి. ఆ మొదటి రాత్రి భయంతోనో ప్రమాదంతోనో గడిస్తే ఆ బిడ్డ మళ్ళీ అడవికి రానంటుంది. సుఖంగా గడిస్తే జీవితాంతం అడవికి చుట్టమవుతుంది. అది మనం ఎంచుకునే చోటును బట్టి ఉంటుంది.

అందుకని ఈ సెలవులకు ముందు ఇంట్లో అందరూ ఒకసారి కూర్చోండి. చిన్నబిడ్డకు ఏం కావాలో, జేజికి ఏం కావాలో మొదట కాగితం మీద రాయండి. ఆ కాగితం చేతిలో పెట్టుకొని క్యాంపుకు ఫోను చేయండి. అనుమతి ఉందా, నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉంది, కాపలా ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, మరుగుదొడ్డి ఎలా ఉంది అని అడగండి. ఓపికగా జవాబు చెప్పిన చోటికే డబ్బు కట్టండి. మొదటిసారి అహోబిలం లాంటి దగ్గర చోటుతో మొదలుపెట్టండి. పిల్లలకు అలవాటయ్యాక బైర్లూటి, పచ్చర్ల. అడవి ఎక్కడికీ పోదు. తొందరపడకుండా, ఏటా ఒక మెట్టు లోపలికి తీసుకుపోదాం మన పిల్లలను.